పిడిలోపల ఏముందో చూడాలి

సోమాలీ బాకు అని చెప్పి అమ్మేవాటిలో చాలా వరకు సోమాలీవి కావు. ఎర్ర సముద్రం అంచు నుంచి కెన్యా దాకా ఎక్కడ దొరికిన బాకుకైనా ఆన్‌లైన్ వేలంపాటల్లో ఈ పేరు తగిలించేస్తారు. ఒక్కోసారి సోమాలీ, అబిస్సీనియన్ (అంటే ఇథియోపియాది), అరబ్ అని మూడూ కలిపి రాసి పారేస్తారు, ఏదో ఒకటి తగలకపోతుందా అని. దేశం పేరు తప్పు రాసినా కొనేవాడికి పోయేదేమీ లేదనుకుంటారేమో. నాకు మాత్రం సరదా అంతా అక్కడే. ఎవరో పెట్టిన నాలుగు మసక ఫొటోలు చూసి, ఇది ఎవరిది, ఎప్పటిది, ఏ ముక్క పాతది, ఏ ముక్క తర్వాత అతికించింది అని తేల్చుకునేదాకా నిద్ర పట్టదు.

నేను సోమాలీలాండ్‌లోని హర్గేసాలో ఆసుపత్రి పరికరాలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఎక్స్‌రే మెషిన్లు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు, ఆటోక్లేవులు. చిన్నప్పటి నుంచీ కత్తుల మీద మోజేమీ లేదు. కానీ ఏ వస్తువైనా చేతికొస్తే దీన్ని దేనితో బిగించారు, ఎక్కడ ఊడదీయొచ్చు అని వెతకడం వృత్తి రోగం. మా స్టోర్ కీపర్ వాళ్ల నాన్నగారి బాకు మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు కూడా నేను చూసింది పదును కాదు, పిడి చివర బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ముక్కని. ఇప్పటికీ నా లెక్క అదే. అలుగు, అంటే కత్తి పలక, అబద్ధం చెప్పొచ్చు, ఒర వేరే బాకుది అయుండొచ్చు, పిడి మాత్రం దొరికిపోతుంది.

ముందుగా ఏవి సోమాలీ కావో చెప్తాను, అది తేలిక. అలుగు బాగా వంపు తిరిగి, ఒర మొన దగ్గర ఇత్తడి గుండు ఉంటే అది అఫార్ తెగ వాళ్ల బాకు, జీలే అంటారు. జిబూతీలో, పక్కనే ఇథియోపియా ఎడారిలో వాళ్లు కట్టుకునేది. అమ్మేవాళ్లు సోమాలీ పేరు పెట్టే బాకుల్లో నాకు ఎక్కువగా తగిలేది ఇదే. ఒర అడుగు పైకి కొక్కెంలా మెలి తిరిగి ఉంటే యెమెన్ వైపు బాకు, జంబియా అంటారు. నల్ల చెక్క పిడి ఎక్స్ ఆకారంలో ఉంటే సూడాన్ తూర్పున ఉండే బేజా తెగ వాళ్లది. వీటితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది కెన్యాలో సిమీ అనే కత్తి. దాని అలుగు కూడా ఆకులా మొన వైపు వెడల్పవుతుంది, మధ్యలో గట్టు ఉంటుంది, ఒర తోలుదే, తరచుగా ఎరుపు రంగుది. మసాయిలు, కాంబాలు, కికుయూలు, అక్కడి తెగల వాళ్లందరూ వాడారు. అలుగు మాత్రమే ఫొటో తీసి పంపితే దక్షిణ సోమాలియా బాకుకీ పొట్టి సిమీకీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. పిడి చూపిస్తే క్షణంలో తేలిపోతుంది. సిమీ పిడి అంటే చేత్తో పట్టుకునే సన్నటి భాగం, దాని మీద తోలు చుట్టు, అంతే. కొమ్ము ఉండదు, కొనలు ఉండవు.

అసలు సోమాలీ బాకు, ఇక్కడ బిల్లావే అంటారు, తూర్రే అని కూడా వింటాను, దాని పద్ధతే వేరు. అలుగు తిన్నగా ఉంటుంది, రెండు వైపులా పదును. పిడి దగ్గర సన్నగా మొదలై, మధ్య దాటాక వెడల్పై, మళ్లీ మొనకి కూడుతుంది. నడుమ పొడవునా గట్టు. పిడి నల్లటి కొమ్ముతో చేసింది, చేతి పట్టు దగ్గర నడుములా సన్నబడుతుంది. పిడి తల నెలవంకలా రెండు కొనలు తేలి, వాటి మధ్యలో మూడో కొనగా లోహం ముక్క నిలబడి ఉంటుంది. మంచి బాకుల్లో ఆ కొనలకి తగరం లాంటి తెల్లటి లోహం తొడుగులు, పట్టుకి అదే లోహంతో కట్లు ఉంటాయి. ఆ మూడో కొనలోనే ఉంది అంతా. అలుగు వెనక నుంచి సాగిన తోక కొమ్ము గుండా మొత్తం దూసుకెళ్లి అటు వైపు తేలుతుంది. అక్కడ దాన్ని బిగిస్తారు. అంటే పిడి ఊడి రావాలంటే ఇనుము తెగాలి.

ఇది బయటి నుంచి చూసి చెప్పగలిగినంత. లోపల ఎలా ఉందో చూడాలంటే మాలాంటి వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ఎక్స్‌రే మెషిన్ రిపేర్ చేశాక టెస్ట్ ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, ప్లేటు మీద ఏదో ఒకటి పెట్టాలి. తాళంచెవుల గుత్తి పెట్టేవాణ్ణి. ఇప్పుడు బాకులు పెడుతున్నాను. రేడియోగ్రాఫర్ మొదట్లో తల పట్టుకున్నాడు, తర్వాత తన మేనమామ బాకు తెచ్చి, దీన్ని కూడా చూడమన్నాడు.

ఆ ఫిలిం చూడాలి మీరు. కొమ్ము దాదాపు కనపడదు, పొగమంచులా ఓ నీడ. అలుగు తెల్లగా మెరిసిపోతూ, పిడిలోకి అడుగుపెట్టగానే భుజాలు దించుకుని సన్నటి తోకగా మారుతుంది. సుత్తి దెబ్బల వంకరలన్నీ కనిపిస్తాయి. ఒక చోట లావు, ఒక చోట సన్నం, కొంచెం ఎడమకి వాలి, చివర మళ్లీ నిటారు. కొమ్ముకి తొలిచిన రంధ్రం తోక కంటే వెడల్పు, ఆ సందులో ఏదో నింపిన జాడ. స్టోర్ కీపర్ వాళ్ల నాన్నగారి బాకులో అయితే పిడి మధ్యలో ఒక అడ్డు గీత కూడా కనపడింది. తోక ఎప్పుడో విరిగితే, రెండు ముక్కల్ని కొలిమిలో కలిపి మళ్లీ సాగదీశారు. ఈ సంగతి ఆ పెద్దాయనకే తెలియదు. ఫిలిం చూపిస్తే, "నీకు నా కడుపులో పేగులు కూడా కనపడతాయా?" అని నవ్వారు.

కొత్తగా తయారుచేసి పాతదని అమ్మే బాకుని అదే ప్లేటు మీద పెడితే కథ ఇంకోలా ఉంటుంది. లోపల తోక ఉండదు, అలుగుకి వెల్డ్ చేసిన ఊచ ఉంటుంది, కొసన మరలు కూడా ఉంటాయి కొన్నిటికి, బోల్టుని కోసి వాడినవి. బయట ఎంత పొగ పెట్టి నల్లగా చేసినా ఆ మరలు దాగవు. ఇవి పనికిరానివి అనను. లారీ కమాన్ కట్టతో చేసిన అలుగు చాలాసార్లు పాత ఇనుము కంటే గట్టిది. గొర్రె కోయడానికి కావాలంటే నేనూ అదే కొంటాను. 30 డాలర్ల వస్తువుకి మూడొందలు అడిగి, మా ముత్తాత దరావీష్ యోధుడు అంటేనే ఒళ్లు మండుతుంది.

దరావీష్ కథ గురించి కూడా చెప్పాలి. 1899 నుంచి 1920 దాకా సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ నాయకత్వంలో దరావీష్‌లనే సోమాలీ యోధులు బ్రిటిష్ వాళ్ల మీద ఇక్కడ యుద్ధం చేశారు. 1913 ఆగస్టులో దుల్ మదోబాలో రిచర్డ్ కోర్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ అధికారి చనిపోయాడు. 1920లో విమానాలు తెచ్చి బాంబులు వేసి గాని దరావీష్ కోటలు కూల్చలేకపోయారు. ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చే ప్రతి రెండో బాకూ దుల్ మదోబా నుంచే వచ్చిందట! అక్కడ ఏరుకున్నవన్నీ నిజమైతే ఓడ నిండుతుంది. చేతిరాత చీటీ, అది రాసిన మనిషి అక్కడ పనిచేసినట్టు రుజువు, రెండూ ఉంటే తప్ప నేను ఆ మాటకి ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టను. పైగా ఆ యుద్ధాల్లో బాకు పాత్ర చిన్నది. తుపాకులు రాకముందు సోమాలీ మగవాడి ప్రధాన ఆయుధం ఈటె, దానికి తోడు ఓరిక్స్ లాంటి జంతువుల తోలుతో చేసిన చిన్న గుండ్రటి డాలు. 1855లో సోమాలీ తీరంలోని బెర్బెరాలో రిచర్డ్ బర్టన్ అనే బ్రిటిష్ యాత్రికుడి గుడారం మీద దాడి జరిగినప్పుడు అతని చెంపల్లోంచి దూసుకుపోయింది ఈటే. బాకు దగ్గరికొచ్చాక తీసేది. మిగతా రోజుల్లో మాంసం కోసేది, తాడు తెంపేది, పుల్ల చెక్కేది.

ఆ రోజువారీ వాడకమే బాకు వయసు చెప్తుంది. పెద్దాయన బాకు 27 సెంటీమీటర్ల అలుగు. పిడి మొదట్లో, ఒర అంచుకి తగిలే చోట ఒక వేలు వెడల్పు మేర సాన పెట్టలేదు, అక్కడ అసలు వెడల్పు మిగిలి ఉంది. దాని కిందే అంచు లోపలికి దిగిపోయింది. అంటే అంత ఇనుము సానరాయి తినేసింది. ఇంకా తమాషా, నడిమి గట్టు ఇప్పుడు నడుమ లేదు. ఒక వైపు అలుగు వెడల్పుగా ఉంది, రెండో వైపు సన్నబడింది. "అదేర్ (బాబాయ్), ఇదేంటి ఇలా?" అని అడిగితే, ఒక వైపు పనికి, రెండో వైపు అవసరానికి అన్నారు. పని వైపు మాత్రమే మళ్లీ మళ్లీ నూరేవారట, రెండోది ఎప్పుడు చూసినా పదునుగా ఉండాలని దాంతో ఏమీ కోయనిచ్చేవారు కాదట వాళ్ల నాన్న. అందరి ఇళ్లలోనూ ఇలాగే ఉండేదని నేను చెప్పను. కానీ అప్పటి నుంచి ఏ బాకు చేతికొచ్చినా వెర్నియర్ పెట్టి గట్టు నుంచి రెండు అంచులకీ దూరం కొలుస్తాను. రెండూ సమానంగా వచ్చి, పిడి మాత్రం అరిగిపోయి ఉంటే అనుమానించాల్సిందే. చెయ్యి అరగదీసిన పిడికి నూరని అలుగు ఎక్కడి నుంచి వచ్చింది?

కొమ్ము దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ డబ్బుతో పాటు చట్టం కూడా ఉంది. అమ్మేవాళ్లు రేటు పెంచడానికి ఖడ్గమృగం కొమ్ము అంటారు. అలా అనడం వాళ్లకే ప్రమాదం. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో 1977లో ఖడ్గమృగాలన్నిటినీ చేర్చారు. దాని కొమ్ముని దేశాలు దాటించి అమ్ముకోవడం నేరం. పాత వస్తువుకి మినహాయింపు కావాలన్నా కాగితాలు పుట్టించలేక చావాలి. అదృష్టవశాత్తూ నేను చూసిన పిడులన్నీ పశువుల కొమ్మువే. తేడా పట్టడం కష్టమేమీ కాదు. ఆవు, ఎద్దు, మేక జాతుల కొమ్ములు పొరలు పొరలుగా పెరుగుతాయి, ఎండితే ఆ పొరల వెంబడే చీలుతాయి. ఖడ్గమృగం కొమ్ము సన్నటి పోగులన్నీ కలిసి గట్టిపడినట్టు ఉంటుంది. అడ్డంగా కోసిన ముఖాన్ని భూతద్దంలో చూస్తే చుక్కలు చుక్కలుగా కనపడతాయి, వెనక నుంచి గట్టి లైటు వేస్తే పల్చటి చోట తేనె రంగు వెలుగు వస్తుంది. ఎవరైనా ఇది అదే అని గట్టిగా చెప్తే, బేరం అక్కడితో ఆపేసి లేచి రండి. నిజమైతే చట్టంతో తంటా, అబద్ధమైతే డబ్బుతో తంటా.

ఒర, బెల్టు గురించి చాలామంది పట్టించుకోరు. వేలంపాట ఫొటోల్లో ఒర ముందు వైపే పెడతారు. నాకు వెనక వైపు కావాలి. అతుకు అక్కడే ఉంటుంది. పాతవాటిలో తోలుని తోలు దారంతోనే కుట్టారు, బెల్టుని ఒరకి పట్టీలతో కలిపేశారు, విడదీస్తే రెండూ పనికిరావు. వెడల్పాటి బెల్టు నడుముకి చుడితే బాకు పొట్ట ముందుకి ఏటవాలుగా వచ్చి ఆగుతుంది, పాత ఫొటోల్లో అలాగే కనపడుతుంది. ఒర మూతి ఎప్పుడూ పిడి దగ్గరి అలుగు కంటే వెడల్పే ఉంటుంది. అది నాసిరకం పని కాదు. అలుగు మొన వైపు వెడల్పు కాబట్టి, ఆ వెడల్పు పట్టకపోతే లోపలికి దిగదు. మూతి దగ్గర బిగుతుగా సరిపోయిందంటే ఆ ఒర ఇంకో బాకుది.

ఈ పనులు చేసినవాళ్ల గురించి ఏ వేలంపాటలోనూ ఒక్క ముక్క ఉండదు. ఇనుము పని తుమాల్ అనే వర్గం వాళ్లది, తోలు పని మధిబాన్ లాంటి వర్గాల వాళ్లది. ఇక్కడ హర్గేసాలో వీళ్లని కలిపి గబోయే అంటారు, దామీ అనే పేటలో ఎక్కువగా ఉంటారు. తరతరాలుగా పెద్ద తెగల వాళ్లు వీళ్లతో వియ్యమందలేదు. ఇప్పటికీ ఒక అబ్బాయి, అమ్మాయి పెద్దల మాట కాదని పెళ్లి చేసుకుంటే గొడవలు అవుతూనే ఉన్నాయి. బాకు కట్టుకున్నవాడి తెగ ఏదో తెలుసుకోవడానికి సేకర్తలు పేజీలకి పేజీలు వాదించుకుంటారు, ఇసాక్ అని ఒకరు, దారోద్ అని ఒకరు. నా ఉద్దేశంలో ఇది తలకిందుల వెతుకులాట. పిడి తల ఆకారం కట్టుకున్నవాడు నిర్ణయించలేదు, కొలిమి దగ్గర కూర్చున్నవాడు నిర్ణయించాడు. ఆ కమ్మరి ఏ బావి చుట్టుపక్కల ఏయే తెగలకి పనిచేశాడో తెలిస్తే సగం తగువులు తీరతాయి. దామీలో ఒక ముసలి తుమాల్ నా ఫిలింలు చూసి, తోక వాలు బట్టి, ఇది ఎడమచేతి వాటం మనిషి కొట్టింది అన్నాడు. తెగ అడిగితే మాత్రం పెదవి విరిచాడు. ఎవరు డబ్బిస్తే వాళ్లకి చేశాం అన్నాడు.

ఇక్కడ పాతవి ఎక్కువ దొరకవు, అది కూడా చెప్పాలి. 1988లో సోమాలియా అధ్యక్షుడు సియాద్ బర్రే ప్రభుత్వం ఈ ఊరి మీద విమానాలతో బాంబులు వేసింది. జనం కాలినడకన ఇథియోపియా సరిహద్దు దాటి హర్తాషేక్ శిబిరాల దాకా పోయారు. ఇళ్లలో మిగిలినవి దోపిడీ అయ్యాయి. అలా పారిపోయేటప్పుడు ఎవరు బాకు మోస్తారు? పిల్లల్ని మోస్తారు, నీళ్లు మోస్తారు. మోగదిషులో మ్యూజియాలు 1991 తర్వాత ఖాళీ అయ్యాయి. అందుకే సోమాలీ బాకు పాతది చూడాలంటే ఇంగ్లండ్, ఇటలీ దేశాల వైపే చూడాల్సి వస్తోంది. అక్కడి సైనికులు, అధికారులు పట్టుకెళ్లినవి. ఇటలీ నుంచి వచ్చేవాటిలో కొన్నిటి మీద ఊరి పేరు, సంవత్సరం చెక్కి ఉంటాయి, ఎక్కువగా 1930లవి. ఇటాలియన్లు సరిహద్దు కాపలాకి పెట్టుకున్న దుబాత్ దళం సోమాలీలు తెల్ల తలపాగా, తెల్ల పంచె, నడుముకి బిల్లావేతో ఉండేవాళ్లు. 1934 డిసెంబరులో వల్‌వల్ బావుల దగ్గర ఇథియోపియన్లతో గొడవపడింది వీళ్లే. ఆ కాలపు బాకుల్లో పని ఒకే తీరుగా ఉంటుంది, పిడులు లావు, అలుగులు దాదాపు ఒకే కొలత. ఒకేసారి ఎక్కువ కొట్టించినట్టు నాకు అనిపిస్తుంది. అందం తక్కువ, కానీ కాలం కచ్చితంగా చెప్పగలిగేవి ఇవే కాబట్టి పోల్చి చూసుకోవడానికి ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

తెల్ల లోహం కట్ల గురించి చిన్న మాట. మెత్తగా, బూడిద రంగుగా, గోరుతో గీస్తే గీత పడితే సీసం కలిసింది. తేలిగ్గా, పాలిపోయినట్టు తెల్లగా ఉంటే అల్యూమినియం, అంటే కట్టు తర్వాత వేసింది, పాత గిన్నె కోసి చుట్టి ఉంటారు. వెండి చాలా తక్కువ. అల్యూమినియం కట్టు ఉన్నంత మాత్రాన బాకు కొత్తదని తేల్చేయకండి. పాతదానికి కట్టు ఊడితే చేతికి దొరికినదే చుడతారు. మరమ్మతులున్న బాకులే నాకు ఎక్కువ ఇష్టం. నా దగ్గరున్న ఒకదానికి బెల్టు తెగితే గోనె సంచులు కుట్టే నైలాన్ దారంతో కుట్టారు. కొత్త తోలు వేయిస్తానన్నాడు అమ్మిన కుర్రాడు. వద్దన్నాను. ఫోన్‌లో డబ్బు పంపే జాద్ కొట్టి తెచ్చేసుకున్నాను.

ఇంటికి తెచ్చాక చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. అలుగుని ఇసుక కాగితంతో రుద్దొద్దు. మెషిన్ ఆయిల్ చుక్క గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు, ఆ నూనె ఒరలోకి పోకుండా మళ్లీ పొడిగుడ్డ. ఇక్కడి పొడి గాలికి కొమ్ము బిగుసుకుని చీలుతుంది, ఏసీ ఎదురుగా పెట్టకండి. అన్నిటికంటే పెద్ద శత్రువు పురుగు. కొమ్ముని, తోలుని తినే చిన్న పురుగులు ఉంటాయి, పిడి మీద సూది బెజ్జాలు, కింద పొడి కనపడితే అవే. అప్పుడు బాకుని ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టి, బయటికి తీశాక కవరు విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే చెమ్మ పట్టి తుప్పు. నాతో ఉండే కెన్యా అబ్బాయికి ఈ సంగతి చెప్పడం మర్చిపోయాను. మాంసంలోకి తెచ్చిన కత్తేమో అనుకుని కవరు విప్పబోయాడు. ఇప్పుడు కవరు మీద మార్కర్‌తో పెద్దక్షరాలతో రాసి పెట్టాను: కడగొద్దు, కోయొద్దు.